కొండపల్లి ఇంట్లో వేడెక్కని కంప్యూటర్

నమ్మకపోవడమే నా ఉద్యోగం అనుకోవచ్చు. కొండపల్లి దగ్గర కరెంటు తయారయ్యే కర్మాగారంలో ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్‌ని. ఏ పైపు ఎంత వేడిగా ఉందో, ఏ మోటారు ఎంత కాగుతోందో చూపించే మీటర్లు నిజం చెబుతున్నాయో లేదో సరిచూడడం నా పని. తోటివాళ్ళు దయ్యాల కబుర్లు మొదలుపెడితే టీ గ్లాసు పట్టుకుని లేచి వెళ్ళిపోయేవాణ్ణి.

ఇది జరిగి రెండేళ్ళయింది. అప్పట్లో రైల్వే స్టేషనుకు దగ్గర్లో ఒక మేడ మీద వాటాలో అద్దెకుండేవాళ్ళం. ఓనరు గారికి విజయవాడ వన్ టౌన్‌లో స్టీలు సామాన్ల దుకాణం. ఇల్లు ఆయన కట్టించిందే, కొత్తది. అందులో ఎవరూ చనిపోలేదు. అంతకుముందు అక్కడేముందని తర్వాత నేను చుట్టుపక్కల విచారించాను. ఖాళీ స్థలం, ముళ్ళకంప. అంతే.

నా భార్య స్వప్న మా మేనమామ కూతురు. ఇంటి నుంచే పనిచేసేది. తెల్లవారుజామున మొదలుపెడితే పన్నెండుకల్లా పని అయిపోయేది. ఆ తర్వాత గేమ్ ఆడుకునేది. ఇంజనీరింగ్ హాస్టల్లో అబ్బిన సరదా. కొండలూ అడవులూ, వాన, గుర్రమెక్కి గంటల తరబడి తిరగడం, అలాంటి పెద్ద గేమ్. దాన్ని మోసే శక్తి మా కంప్యూటర్‌కి లేదు.

మే నెల వచ్చేసరికి మరీ కష్టమైంది. పైన స్లాబు పెనంలా కాలేది. పది నిమిషాలు ఆడితే చాలు, లోపలి ఫ్యాను మిక్సీలా అరిచేది. తెర మీద గుర్రం ఆగి ఆగి కదిలేది. తెర మూలన కనిపించే వేడి అంకె తొంభై అయిదు దాటగానే మొత్తం ఠప్పున ఆగిపోయేది. దుమ్ము ఊదించాం. లోపల చిప్పు వేడిని లాగే పేస్టు మార్పించాం. బొమ్మ నాణ్యత తగ్గించాం. చివరికి కేబినెట్ పక్క రేకు ఊడదీసి, దానికి ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టాం. అదీ పనిచేయలేదు.

ఒక ఆదివారం ఇద్దరం కలిసి టేబుల్‌ని కిటికీ దగ్గర్నుంచి లోపలి మూలకు జరిపాం. వెలుతురు తెర మీద పడకుండా, స్వప్న మూలకు వీపు పెట్టి గది వైపు తిరిగి కూర్చునేట్టు సర్దాం. ఆమె కుర్చీకీ మూలకీ మధ్య రెండడుగుల ఖాళీ ఉంది.

ఆ రోజు నుంచి కంప్యూటర్ వేడెక్కడం మానేసింది.

"అన్నీ ఫుల్‌లో పెట్టేశాను బావా! ఎక్కడా ఆగట్లేదు చూడు!" అని చిన్నపిల్లలా అరిచింది.

తెర మీద అంకె చూశాను. ముప్పై ఒకటి. గదిలో గాలే నలభై ఒకటి ఉంది. గాలితో చల్లబడే యంత్రం ఆ గాలికంటే చల్లగా ఉండడం జరగదు. లోపలి సెన్సర్ పాడైందనుకుని నా థర్మామీటరు తెచ్చాను. పిస్తోలులా ఉంటుంది. మీట నొక్కితే ఎర్రచుక్క పడుతుంది, ఆ చుక్క పడ్డ చోటి వేడి చెబుతుంది. అదీ ముప్పై ఒకటే అంది. టేబుల్‌ని తిరిగి కిటికీ దగ్గరకు లాగితే పది నిమిషాల్లో ఆగిపోయింది. మూలకు తెస్తే మళ్ళీ ముప్పై ఒకటి. మూడుసార్లు అటూ ఇటూ మార్చి చూశాను.

అంత గేమ్ నడుస్తుంటే వేడి పుట్టకుండా ఉండదు. పుట్టిన వేడి ఎక్కడికో పోవాలి. ఎక్కడికి పోతోందని అప్పుడే గట్టిగా ఆలోచించాల్సింది. ఆమె సంతోషం చూసి ఊరుకున్నాను. ఆ తప్పు నాదే.

వారం తిరగకముందే స్వప్న శాలువా కప్పుకుని ఆడడం మొదలుపెట్టింది.

"మే నెలలో శాలువా ఏంటే?" అని నవ్వాను.

"ఇక్కడ చల్లగా ఉంటుంది బావా. బాగుంటుంది."

రెండు గంటల ఆట నాలుగు గంటలైంది. అన్నం సగంలో వదిలేసేది. చెయ్యి తగిలితే చల్లగా ఉండేది. గోళ్ళు పాలిపోయాయి. రక్తం తక్కువైందేమోనని ఐరన్ మాత్రలు తెచ్చాను.

ఆ తర్వాతి గురువారం ఫస్ట్ షిఫ్టు దిగి రెండున్నరకి ఇంటికొచ్చాను. బెల్లు కొడితే పలకలేదు. నా దగ్గరున్న తాళంచెవితో తీసి లోపలికి వెళ్ళాను. బయట నిప్పులు కురుస్తున్నాయి. ఆ గది గుమ్మంలో అడుగు పెట్టగానే నా నోట్లోంచి ఆవిరి వచ్చింది.

స్వప్న నిటారుగా కూర్చుని ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. తెర మీద గుర్రం కదలకుండా నిలబడి ఉంది. దాని మీద వాన పడుతోంది. చెయ్యి పట్టుకుంటే ఫ్రిజ్‌లోంచి తీసిన పాల ప్యాకెట్‌లా ఉంది. పేరు పెట్టి పిలిస్తే మెల్లగా తల తిప్పి నన్ను చూసింది. ఆమె ముఖంలో వచ్చిన మార్పు నేను చచ్చేదాకా మరిచిపోను.

"నువ్విప్పుడొచ్చావా? మరి ఒంటిగంట నుంచి నా వెనక నిలబడింది నువ్వు కాదా బావా?"

ఆమెను రెండు చేతులా ఎత్తుకుని బయట మెట్ల మీద ఎండలో కూర్చోబెట్టాను. కంప్యూటర్ ఆపడానికి మళ్ళీ లోపలికి వెళ్ళాను. ఆ సమయంలో అదే ఎందుకు తోచిందో తెలియదు. పిస్తోలు థర్మామీటరు షెల్ఫులో కనిపిస్తే చేతిలోకి తీసుకున్నాను. నా వృత్తి అలవాటు.

మూలగోడ మీదికి గురిపెట్టాను. తొమ్మిది. కొంచెం పక్కన, తొమ్మిది. కుర్చీ వెనక, మనిషి ఛాతీ ఎత్తులో, ముప్పై ఆరు పాయింట్ ఎనిమిది.

అది ఒంటి వేడి. చుక్క పడ్డ చోట ఖాళీ గోడ తప్ప ఏమీ లేదు. నా చెయ్యి కదలలేదు. కానీ అంకె తొమ్మిదికి పడిపోయింది. చుక్కను అటూ ఇటూ తిప్పి వెతికాను. దొరికింది. ముప్పై ఆరు పాయింట్ ఎనిమిది. ఈసారి కుర్చీకి ఇవతల, గుమ్మం వైపు.

ఆ గుమ్మం దాటితే, బయట మెట్ల మీద స్వప్న ఉంది.

ప్లగ్గు పీకేశానో లేదో కూడా గుర్తులేదు. తలుపు లాగి గడియ పెట్టి, ఆమెను ఆటోలో విజయవాడ ఆసుపత్రికి తీసుకెళ్ళాను. నర్సు మూడు థర్మామీటర్లు మార్చింది. "ఈ ఎండల్లో వడదెబ్బలు చూస్తున్నామండీ. ఇలా ఒళ్ళు చల్లబడి రావడమేంటి?" అన్నారు డాక్టరు గారు. వెచ్చని సెలైన్ ఎక్కించారు. మర్నాటికి కోలుకుంది. నా మీటరు తప్పేమోనని మా ల్యాబులో సరిచూశాను. తప్పు లేదు.

ఆ ఇంట్లో మళ్ళీ పడుకోలేదు. విజయవాడలో భవానీపురానికి మారిపోయాం. ఇప్పుడు మా కంప్యూటర్ మునుపటిలాగే కాగుతుంది, ఆగిపోతుంది. స్వప్న విసుక్కోదు. గోడకు వీపు ఆనించి కూర్చుంటుంది.

మరుసటి ఏప్రిల్‌లో ఓనరు గారు ఫోన్ చేశారు. "ఏవండీ, ఆ లోపలి గదికి మీరేమన్నా చేయించారా? కొత్తగా దిగినోళ్ళు తెగ సంబరపడిపోతున్నారు. ఇంత ఎండలోనూ చల్లగా ఉందంట. పాపకి ఉయ్యాల కూడా ఆ మూలే కట్టుకున్నారు."

ఫోన్ పెట్టేసి, బండి తీసి కొండపల్లి వెళ్ళాను. ఒక చిన్నవయసు తల్లి తలుపు తీసింది. ఆ వాటాలో మునుపు ఉండేవాణ్ణని చెప్పి, "ఆ మూల గోడలో కరెంటు లీకవుతోందమ్మా. మా ఆవిడకి షాక్ కొట్టింది" అని అబద్ధమాడాను.

ఆమె పరుగున వెళ్ళి పాపను ఎత్తుకొచ్చింది. అయిదు నెలలుంటాయేమో. పాదం ముట్టుకుని చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"కరెంటు కాదు కదండీ?" అంది ఆమె, గొంతు తగ్గించి. "ఉయ్యాల నేను ఊపకుండానే ఊగుతుందండీ. మా ఆయన గాలికంటారు. కిటికీ మూసే ఉంటుంది."

పాపను భుజాన వేసుకుని ఆమె, కత్తెర పట్టుకుని నేను, గదిలో ఆ మూలకు కొంచెం ఇవతల దాకా వెళ్ళాం. తాడు ముడి విప్పాలంటే ఆ మూలలోకి వెళ్ళాలి. ఇద్దరిలో ఎవరమూ వెళ్ళలేదు. ఇవతల నుంచే చెయ్యి చాపి, అందినంత మేర తాడు కోసేసి, ఉయ్యాలను బయటికి లాగేశాం. వాళ్ళు ఆ వారమే ఖాళీ చేశారు.

అక్కడ ఏముందో నేను చెప్పలేను. చెప్పగలనని ఎవరైనా అంటే వినాలని ఉంది. కానీ మీటరు పట్టుకుని ఆ గదిలోకి ఇంకోసారి రమ్మంటే మాత్రం రాను.