చాప్టరు పూర్తయ్యేదాకా

మా కాలేజీ మూతపడేనాటికి డబుల్ ఇంటిగ్రల్స్ చాప్టరు సగంలో ఉంది. తేలికైన సగం అయిపోయింది, కష్టమైన సగం మిగిలింది. దీర్ఘచతురస్రం మీద ఇంటిగ్రేషన్ ఎవరికైనా వస్తుంది. నాలుగు వైపులా కదలని అంకెలే. వాటిని లిమిట్స్‌గా వేసి చేసుకుంటూ పోవడమే. "రేపు వంకర ఆకారాలు చూద్దాం" అని సారు బోర్డు తుడిచారు. ఆ రేపు రాలేదు. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం మొదలై కాలేజీలకు తాళాలు పడ్డాయి.

మొదట్లో అందరిలాగే నేనూ సంబరపడ్డాను. నెలలు గడిచేకొద్దీ చదువు భయం పట్టుకుంది. పరీక్షలు వాయిదా పడతాయే గానీ పోవు కదా. మా నాన్న దవాఖానలో కాంపౌండరు. బీఎస్సీ పాసైతే ఒక బడిలో లెక్కల టీచరుగా తీసుకుంటామని మా చర్చి పెద్దలు మాటిచ్చారు. నల్లగొండ పల్లె నుంచి వచ్చిన మా వంశంలో బల్ల వెనక నిలబడి పాఠం చెప్పబోయే మొదటి మనిషిని నేనే. ప్రతి ఏడూ ఈ చాప్టరు నుంచి పెద్ద ప్రశ్న ఒకటి తప్పకుండా వస్తుంది. పుస్తకం ముందేసుకుని నా అంతట నేనే నేర్చుకుందామని కూర్చుంటే బుర్ర గిర్రున తిరిగింది.

సారు ఇల్లు దిల్‌సుఖ్‌నగర్‌లో. మాది అక్కడి నుంచి ఇంకాస్త ముందుకు, ఇప్పుడు ఎల్.బి.నగర్ అంటున్న వైపు, బెజవాడ రోడ్డుకు ఆనుకున్న కిరాయి ఇల్లు. చుట్టూ చేలూ బండలూ తప్ప ఏమీ లేవు. ఒక మధ్యాహ్నం ధైర్యం చేసి వెళ్లి సారు తలుపు కొట్టాను. చాలాసేపటికి తలుపు కొంచెం తెరుచుకుంది. సారుది కోస్తా. ఆ రోజుల్లో ఆ వైపు వాళ్లెవరూ చప్పుడు వినగానే తలుపు తీసేవాళ్లు కాదు.

నేను విషయం చెప్పాను. ఆయన లోపలికి పిలిచి, సర్ది పెట్టిన ట్రంకుపెట్టెల పక్కన చాప వేశారు.

"మేం బెజవాడ వెళ్లిపోదామనుకుంటున్నాం అమ్మా. కానీ దీర్ఘచతురస్రం దగ్గర ఆపేసి వెళ్లడం నాకూ నచ్చలేదు. రోజూ రా. ఈ చాప్టరు పూర్తి చేసే బయలుదేరతాను."

ఆయన భార్య వంటింటి గుమ్మంలో నిలబడి ఆ మాట విన్నారు. మంచినీళ్లు తెచ్చిచ్చి, సారు సుద్దముక్క కోసం పక్కగదిలోకి వెళ్లగానే మెల్లిగా అడిగారు. "ఎంత ఉందమ్మా ఆ చాప్టరు?"

ఆ ప్రశ్నతో నా మనశ్శాంతి పోయింది. వీళ్ల ప్రయాణం నా మట్టిబుర్ర మీద ఆధారపడి ఉందని అప్పుడు తెలిసింది.

సారు నేల మీద సుద్దతో గీసి చెప్పేవారు. "బొమ్మ గీయకుండా లిమిట్స్ రాశావంటే నేను ఒప్పుకోను" అనేవారు. ముందు ఆకారం గీయాలి. అందులో ఒక సన్నటి పట్టీ నిలబెట్టాలి. పట్టీ ఏ గీత దగ్గర లోపలికి వస్తోంది, ఏ గీత దగ్గర బయటికి పోతోంది? లోపలి ఇంటిగ్రల్‌కు అవే లిమిట్స్. ఆ పట్టీ ఎక్కడి నుంచి ఎక్కడిదాకా జరుగుతుందో బయటి దానికి లిమిట్స్. అవి మాత్రం కదలని అంకెలే అయి ఉండాలి. ఇంతవరకూ నాకు బాగానే ఎక్కింది. అసలు చిక్కు చాప్టరు చివర, ఆర్డరు మార్చడంలో వచ్చింది.

ఆయన ఒక త్రిభుజం ఇచ్చారు. ఎడమ వైపు నిలువు గీత, y అక్షం. కింద y = x. పైన x + y = 2. దాని మీద xy ని ఇంటిగ్రేట్ చేయాలి. నిలువు పట్టీతో ఒక్క ఇంటిగ్రల్‌లో అయిపోయింది, మూడింట ఒకటి వచ్చింది. "ఇప్పుడు ఇదే లెక్క అడ్డపట్టీతో చెయ్యి" అన్నారు. నేను dx, dy చోట్లు మార్చి, లిమిట్స్ మాత్రం ఉన్నవి ఉన్నట్టే దించేశాను. జవాబులో x మిగిలిపోయింది.

"అంకె అడిగితే x అంటావేంటమ్మా?" అని సారు నవ్వారు. వంటింట్లో గిన్నె ఒకటి దబ్బున పడింది.

మర్నాడు అడ్డపట్టీ గీసి, సున్నా నుంచి y = x గీతదాకా అని రాసి, కింది నుంచి పైకొసదాకా అదే లాగించేశాను. రెండు వచ్చింది. మూడింట ఒకటి ఎక్కడ, రెండు ఎక్కడ! నాకు ఏడుపొచ్చింది. అదే సమయానికి ఇంటి పెంకుల మీద రాయి పడింది. ఎవరు వేశారో తెలియదు.

"అర్థమైంది సార్, మీరు పోండ్రి" అన్నాను.

"అర్థం కాలేదు. నీ మొహం చూస్తే తెలుస్తోంది. రేపు రా" అన్నారు. ఆ మొండితనానికి దండం పెట్టాలో తిట్టుకోవాలో నాకు పాలుపోలేదు.

ఆ సాయంత్రమే మా అన్నకు తెలిసిపోయింది. అన్న ఉద్యమంలో తలమునకలుగా తిరిగేవాడు. డిగ్రీ పాసై ఉద్యోగం లేక ఖాళీగా ఉన్నాడు. మనకు రావలసిన కొలువులు వేరేవాళ్లకు పోతున్నాయన్న వాడి కోపం నాకూ న్యాయంగానే తోచేది.

"ఏందే, గాళ్ళింటికి ఎందుకు పోతున్నవ్?"

"లెక్కలకు."

"మనోళ్ళల్ల లెక్కలు జెప్పేటోళ్ళే లేరా?"

"ఉంటే జూపియ్. రేపట్నుంచి ఆడికే పోత."

వాడు పళ్లు నూరుకుంటూ బయటికి పోయాడు. మర్నాడు వెళ్లాలా వద్దా అని పొద్దుటి నుంచీ కాలుగాలిన పిల్లిలా తిరిగి, చివరికి వెళ్లాను.

సుద్ద పట్టుకున్నానో లేదో, తలుపు దబదబా మోగింది. సారు భార్య గోడకు అంటుకుపోయారు. బయట మా అన్న. ఒళ్లంతా చెమట.

"చెల్లె, లే! మలక్‌పేట దిక్కుకెళ్ళి జనం జులూస్ దీసి ఒస్తున్నరు. సార్, మీరు గుడ ఈడ ఉండొద్దు. మా ఊరోళ్ళ లారీ రోడ్డు మీద ఆపిన, సూర్యాపేట దాంక పోతది."

"కూర్చో బాబూ" అన్నారు సారు. "మీ చెల్లెలు ఈ ఒక్క లెక్కా చేస్తే నేనూ లేస్తాను."

"లెక్కనా సార్? గిప్పుడా?"

అన్న మొహం చూసి ఇంకెప్పుడైనా అయితే పగలబడి నవ్వేదాన్ని. త్రిభుజం మళ్లీ గీశాను. అడ్డపట్టీ వేసి కింది నుంచి మెల్లిగా పైకి జరిపాను. కుడికొస y = x మీద జారుతూ y = 1 దగ్గర మూలకు చేరింది. ఆ మూల దాటితే పట్టీ బయటికి పోయే గీతే మారిపోతోంది! అక్కడ త్రిభుజాన్ని అడ్డంగా రెండు ముక్కలు చేశాను. xy ని విడివిడిగా చేశాను. కింది ముక్క ఎనిమిదింట ఒకటి. పై ముక్క ఇరవైనాలుగింట ఐదు. కలిపితే మూడింట ఒకటి.

సారు లేచి చేతుల సుద్ద దులుపుకున్నారు. "వచ్చేసింది. పద" అన్నారు భార్యతో.

రోజూ నన్ను తొందరపెట్టిన ఆవిడ కదల్లేదు. "అప్పుడే అయిపోయిందా?" అని ఇల్లంతా ఒకసారి కలయజూసి చాప మీద కూలబడ్డారు. నేనే చేయి పట్టి లేపాను.

అన్న పెద్దపెట్టె భుజాన వేసుకుని వెనక సందులోంచి మమ్మల్ని రోడ్డెక్కించాడు. లారీ కదులుతుంటే సారు తల బయటికి పెట్టి, "పరీక్షలో బొమ్మ పెద్దదిగా గీయి" అని అరిచారు. దుమ్ములో ఇంకేం చెప్పారో వినపడలేదు.

చేలగట్ల మీదుగా ఇంటికి నడిచాం. నాకు కన్నీళ్లు ఆగలేదు. వాళ్లు క్షేమంగా వెళ్లిపోవాలనే కదా ఇన్నాళ్లూ దిగులుపడ్డాను, తీరా వెళ్లిపోతే గుండె బరువెక్కింది. చివరికి అన్న విసుక్కున్నాడు.

"ఇంకేందే ఏడుపు? లెక్క ఒచ్చింది గదా?"

"ఒచ్చింది గాబట్టే ఏడుస్తున్న. రాకపోతే రేపు గుడ ఉండేటోళ్ళు."