తొర్రూరు లైనులో చప్పుడు

వరంగల్ కొత్తవాడలో మగ్గం దిగి స్తంభం ఎక్కినవాడు సిద్దిరాములు ఒక్కడే. తాత, తండ్రి జంపఖానాలు నేసిన ఇల్లు. తనూ మీసం వచ్చేదాకా మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నేశాడు. నూలు ధర పెరిగింది, నేసిన కూలి గిట్టకుండా పోయింది. తోటివాళ్ళు భీవండికీ సూరత్‌కూ మూట కట్టుకుని పోతుంటే, ఊరు వదలడానికి కాళ్ళు రాక ఇతను టెలిఫోను పనిలో రోజుకూలీగా చేరాడు. గుంతలు తవ్వాడు, తీగలు గుంజాడు, చివరికి లైన్‌మన్ అయ్యాడు. "నీకేందిరా, పడుగు భూమ్మీదికెల్లి మొగులు మీదికి మార్చినవ్" అని వాడకట్టువాళ్ళు ఎగతాళి చేస్తే నవ్వి ఊరుకునేవాడు. నేసేవాడికి కోపం పనికిరాదు, పోగు తెగుతుంది.

అతనివి పాము చెవులు. వీధి మలుపులో సైకిలు గంట కొడితే ఎవరి సైకిలో చెప్పేవాడు. అలాంటివాడికి వినపడవలసింది మాత్రం రెండుసార్లు వినపడలేదు. భార్య మల్లవ్వకు రెండు కాన్పులు. రెండుసార్లూ అతను గడప బయట కూర్చుని చెవులు రిక్కించాడు. మంత్రసాని గొంతు వినిపించింది. చెంబు కింద పెట్టిన చప్పుడు వినిపించింది. "ఏడుస్తలేదేంది?" అని మల్లవ్వ అడగడం వినిపించింది. పిల్లల ఏడుపు వినిపించలేదు. రెండుసార్లూ అంతే.

ఎనభై రెండులో మల్లవ్వ మూడోసారి నీళ్ళోసుకుంది. ఈసారి దవాఖానలోనే కాన్పు అని ఇద్దరూ అనుకున్నారు. అంతకుమించి ఆ మాట ఎత్తలేదు. ఎత్తితే ఏమవుతుందో అని భయం.

ఆ ఏడు పత్తి ఏరే రోజుల్లోనే తొర్రూరు లైనుకు జబ్బు చేసింది. పొద్దున బాగానే పలికేది. ఎండ ముదిరి గాలి లేచిందంటే మాట మధ్యలో పుటుక్కున తెగేది. కాసేపటికి ఎవరూ ముట్టుకోకుండానే మళ్ళీ వచ్చేది. పత్తి ధర అడగడానికి పిలిచిన వ్యాపారులకు ధర చేరేది కాదు, "హలో, హలో" అన్న కేక ఒక్కటే మిగిలేది. పెద్ద లైన్‌మన్ యాకయ్య దాన్ని పట్టించుకోవద్దన్నాడు.

"పొయ్యే ఫాల్టును పట్టుకోవచ్చు తమ్మీ. వచ్చిపొయ్యే ఫాల్టు సుట్టం లెక్క. దానంతటదే వచ్చింది, దానంతటదే పోతది."

సుట్టం పోలేదు. పైగా ఊళ్ళ మధ్య ఫోన్లు కలిపే ట్రంకు బోర్డు దగ్గర కూర్చునే శ్యామలమ్మ ఒక రోజు సిద్దిరాములును పక్కకు పిలిచింది. ఆమె నలుగురు పిల్లల తల్లి, ఉత్తుత్తి మాటలు చెప్పే మనిషి కాదు.

"లైను తెగే ముందల ఒక చప్పుడు వస్తాంది తమ్మీ. తట్టు, తట్టు అని. ఒకటే లెక్కల వస్తాంది. గసొంటి చప్పుడు నాకెరుకే. చెప్తే నవ్వుతవు."

"చెప్పక్కా, నవ్వ."

"ఎవలో ఉయ్యాల ఊపుతానట్టున్నది."

అతను నిజంగానే నవ్వలేదు. మర్నాడు సైకిలు మీద నిచ్చెన కట్టుకుని బయలుదేరాడు.

లైను జబ్బు వెతకడం పెద్ద విద్యేం కాదు, ఓపిక కావాలి. సగం దూరం పోయి స్తంభం ఎక్కి, చేతి ఫోను కొక్కేలు తీగలకు తగిలించి ఇటు వరంగల్‌నూ అటు తొర్రూరునూ పిలవాలి. పలికిన వైపు మంచిది. పలకని వైపు మళ్ళీ సగానికి పోవాలి. అలా సగంలో సగం తగ్గించుకుంటూ వర్ధన్నపేట దాటాడు. రోడ్డు వదిలి చెలకల్లోకి దిగేసరికి పొద్దు నడినెత్తిన ఉంది. కనుచూపు మేర పత్తి తెల్లగా పగిలి ఉంది. ఏరే ఆడవాళ్ళు ఎక్కడో అవతలి మడిలో నడుములు వంచి ఉన్నారు. దగ్గరలో మనిషి అలికిడి లేదు.

అక్కడ ఒక స్తంభానికి ఉయ్యాల కట్టి ఉంది.

పాత ఎర్రచీర ఉయ్యాల. ఒక కొస ఇనుప స్తంభానికి, ఇంకో కొస దాన్ని పట్టి ఉంచే వాలు తీగకు ముడేశారు. కూలికి వచ్చిన తల్లులు అలా కట్టడం అతనికి కొత్త కాదు. ఉయ్యాల ఊగినప్పుడల్లా మొదలు వదులైన స్తంభం కొద్దిగా కదులుతోంది. పైన జోడు తీగలు ఒకదాన్నొకటి తాకుతున్నాయి. తట్టు, తట్టు. రెండు తీగలు తగిలితే మాట చచ్చిపోతుంది. జబ్బు దొరికింది. ముడి విప్పితే పని అయిపోయినట్టే.

అతను దగ్గరకు పోయి లోపలికి చూశాడు. ఒక వేపమండ ఉంది. పిల్ల లేదు. ఉయ్యాల మాత్రం ఇప్పుడే ఎవరో ఊపి వదిలినట్టు ఊగుతోంది.

ఉత్త ఉయ్యాల ఊగకూడదని ఆ ప్రాంతంలో పాలు తాగే పిల్లకు తప్ప అందరికీ తెలుసు. ఊపినా, ఊగుతుంటే చూసినా ఇంట్లో పిల్లలకు మంచిది కాదంటారు. సిద్దిరాములు ముడి వైపు చెయ్యి చాచాడు. చిన్నప్పటి నుంచి ఎన్ని చిక్కుముళ్ళు విప్పిన చెయ్యో అది, ఆ ఒక్క ముడి మీద మాత్రం పడలేదు. మల్లవ్వ కడుపు కళ్ళముందు మెదిలింది. నిచ్చెన కూడా దించకుండా వెనక్కి తిరిగాడు. ఆఫీసుకు వచ్చి, కోతులు తీగలు ఊపుతున్నాయని చెప్పాడు.

యాకయ్య అతన్ని గోడవారకు తీసుకుపోయాడు. "నువ్వు గూడ చూసినవా?" అన్నాడు మెల్లగా. "నేను ముందుగాలనే చూసిన. పూలమ్మ అని ఒక కూలిమనిషి ఉన్నది, చచ్చిన ఆమె బిడ్డ ఉయ్యాల అది. నాకు ముగ్గురు పిల్లలు తమ్మీ. నేను ముట్ట."

పెద్దవాడు ముట్టనిది చిన్నవాడి నెత్తిన పడడం ఏ ఆఫీసులోనైనా ఉన్నదే. లైను మళ్ళీ మళ్ళీ తెగింది, తొర్రూరు నుంచి ఫిర్యాదులు పెరిగాయి, పైవాళ్ళు అతన్నే పొమ్మన్నారు. మల్లవ్వకు ఇంకా నెల పైన గడువుంది. చూసింది అతను ఆమెకు చెప్పలేదు. పొద్దున ఆమె పెట్టిన గటక తాగి, పక్కింటి భద్రమ్మకు జర చూస్తుండమని అప్పజెప్పి బయలుదేరాడు.

ఆ రోజు గాలి గట్టిగా ఉంది. ఉయ్యాల దగ్గర ఈసారి మనిషి ఉంది. పాతికేళ్ళు ఉంటాయేమో, నడుముకు పత్తి ఒడి కట్టుకుని, చీర అంచు పట్టుకుని ఊపుతోంది. సిద్దిరాములు సైకిలు ఆపినా తల తిప్పలేదు.

"చెల్లే, ఎందుకు ఊపుతానవ్?" అన్నాడు.

"ఏడుస్తాంది గదన్నా."

"ఎవలు?"

"నీకు ఇనపడ్తలేదా?" అని ఆమె ఊపడం ఆపి, స్తంభం మీద అరచెయ్యి పెట్టింది.

అతను చెవి ఆనించాడు. గాలికి తీగలు పాడతాయి, ఆ పాట ఇనుము వెంట కిందికి దిగుతుంది. ఇది లైన్‌మన్ అయినవాడికి మొదటి రోజే తెలిసే సంగతి. అయితే ఆమె చెప్పాక విన్నాడు కాబట్టి అతనికి తీగ వినిపించలేదు. సన్నగా మొదలైంది. ఎక్కిళ్ళు పెట్టింది. ఊపిరి తీసుకోవడానికి ఆగింది, మళ్ళీ అందుకుంది. పసిపిల్ల ఏడుపు. చటుక్కున చెవి తీసేశాడు.

పూలమ్మ మళ్ళీ ఉయ్యాల ఊపింది. పైన తీగలు తట్టుకున్నాయి, పాట తెగింది.

"చూసినవా, ఊపితే ఊకుంటది."

"అది గాలి, చెల్లే. గాలికి తీగెలు..."

"గాలైతే ఊపితే ఎందుకు ఊకుంటది?"

తీగలు తాకితే పాట తెగుతుందని అతనికి తెలుసు, ఆమెకు చెప్పడానికి మనసొప్పలేదు.

"పోయినేడు పత్తికి గీడ్నే కట్టిన" అంది పూలమ్మ, ఊపుతూనే. "ఏడుస్తాంటే ఇన్న. సాలు ఒడిసినంక పోదామనుకున్న, మేస్త్రి చూస్తాండని. జరసేపటికి ఊకున్నది. పండుకున్నదనుకున్న." ఉయ్యాలలో వేపమండ సర్దింది. "గిప్పుడు ఎప్పుడు ఏడిస్తే అప్పుడు వస్తాన. మేస్త్రి కూలి కోసుకుంటాండు, కోసుకోనీ."

సిద్దిరాములుకు ఆమె మీద జాలి వేసింది, అంతకంటే ఎక్కువ భయం వేసింది. ఎక్స్ఛేంజికి ఏదో ఒకటి చెప్పి బయటపడదామని నిచ్చెన వేసుకుని పైకెక్కాడు. కొక్కేలు తగిలించి పిలిచాడు.

"సిద్దిరాములా?" అంది శ్యామలమ్మ. "పొద్దటి సంది నీ కోసమే చూస్తాన. నొప్పులు ముందే వచ్చినయ్. భద్రమ్మ మల్లవ్వను దవాఖానకు తోల్కపోయి ఈడికొచ్చి చెప్పింది. నేను ఫోన్ చేసిన తమ్మీ, నర్సమ్మ ఏమన్నదంటే..."

తట్టు. మాట చచ్చిపోయింది.

"అక్కా?"

"...పుట్టింది, కానీ..."

తట్టు.

అతను కిందికి చూశాడు. గాలి హోరెత్తుతోంది, స్తంభం ఏడుస్తోంది, పూలమ్మ ఊపుతోంది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ముందు, పుట్టిన తన బిడ్డ మాట ఎత్తడానికి అతనికి నోరు రాలేదు. అడగకపోతే ఆ కబురు అతని చెవికి చేరదు.

"చెల్లే, జర ఆపు."

"ఏడుస్తది."

"నీ కాళ్ళు మొక్కుత. నా ఇంటిదానికి కాన్పయింది. బిడ్డ ఉన్నదో లేదో గీ తీగెలనే తెలువాలె."

పూలమ్మ తల ఎత్తి అతన్ని చూసింది. తర్వాత రెండు చేతులతో ఉయ్యాలను పొట్టకు అదుముకుని కదలకుండా పట్టుకుంది. వెంటనే స్తంభం అందుకుంది. అతని ఛాతీ ఇనుముకు ఆనుకుని ఉంది, ఆ ఏడుపు ఎముకల్లోకి పాకింది.

"ఆడపిల్ల తమ్మీ" అంది శ్యామలమ్మ. "మల్లవ్వ మంచిగనే ఉన్నది."

"అక్కా, ఏడ్చిందా?"

"ఇంకా ఏడువలే. నర్సమ్మ వీపు మీద చరుస్తాంది. అటు లైను పట్టుకునే ఉన్న. ఉండు."

అతను ఉన్నాడు. చెవి దగ్గర ఫోనులో నిశ్శబ్దం, ఛాతీ కింద ఏడుపు. పుట్టిన పిల్ల ఏడవడం లేదు, పోయిన పిల్ల ఏడుస్తోంది. కింద పూలమ్మ కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. చేతులు మాత్రం కదల్లేదు. ఏడుస్తున్న బిడ్డ దగ్గర ఇంకోసారి ఊరికే నిలబడమని తను ఆమెను అడిగాడని అతనికి అప్పుడు తెలిసింది. తెలిసి కూడా ఊపమని అనలేదు. కన్నవాడి స్వార్థం అలాంటిది, దాన్ని తప్పు పట్టేవాళ్ళు పట్టుకోవచ్చు.

గాలి పడిపోయింది. స్తంభం టక్కున ఊరుకుంది. ఆ క్షణంలోనే శ్యామలమ్మ గొంతు వచ్చింది.

"ఏడ్చింది తమ్మీ. నా చెవులతోని ఇన్న."

అతను కిందికి చూసి, "ఏడ్చింది" అన్నాడు.

"ఈడ ఊకున్నది" అంది పూలమ్మ.

అతను నిచ్చెన దిగేసరికి ఆమె ముళ్ళు రెండూ విప్పేసింది. వేపమండ తీసి చెలకలో వేసింది. చీర దులిపి, నాలుగు మడతలు వేసి భుజం మీద వేసుకుంది. ఆమె ముఖంలో దుఃఖం లేదు, ఏదో పని అప్పజెప్పి పోయే మనిషి తీరు ఉంది.

"నీ దగ్గరికచ్చిందన్నా" అంది. "ఏడిస్తే పనున్నదని ఆగకు. జల్ది పో."

ఆ మాట అని పత్తి సాళ్ళలోకి నడిచిపోయింది. అతను నిచ్చెన సైకిలుకు కట్టాడు. తీగలు దూరదూరంగా, తిన్నగా ఉన్నాయి, లైను గంటలా పలుకుతుంది ఇక. ఎగిరి దవాఖానలో పడాలని ఉంది అతనికి. కంకర రోడ్డు దాకా వచ్చి పెడలు మీద కాలు పెట్టాడు.

వెనక గాలి లేచింది. స్తంభం ఏడుపు అందుకుంది.

గాలేనని అతనికి తెలుసు. తీగల పాటేనని తెలుసు. అయినా ఒక ఆలోచన వచ్చింది, వచ్చినది మళ్ళీ పోలేదు. ఇందాక ఇక్కడ ఊరుకుంటేనే అక్కడ ఏడ్చింది. ఇప్పుడు ఇక్కడ ఏడుస్తుంటే అక్కడ ఏమైంది?

సైకిలు పడేసి పరుగెత్తాడు. ఉయ్యాల లేదు కాబట్టి వాలు తీగనే రెండు చేతులా పట్టుకుని ఊపాడు. పైన తీగలు తట్టుకున్నాయి. స్తంభం ఊరుకునేదాకా, అరచేతులు కోసుకుపోయేదాకా ఊపాడు. ఆ తర్వాతే వరంగల్ దారి పట్టాడు. దవాఖాన వసారా మెట్ల దగ్గరే అతనికి పిల్ల ఏడుపు వినిపించింది. అక్కడే కూలబడి, వచ్చేపోయేవాళ్ళు చూస్తున్నా సిగ్గుపడకుండా ఏడ్చాడు.

స్తంభం మొదలును కాంక్రీటుతో బిగించమని పైవాళ్ళు రెండుసార్లు మనుషులను పంపబోయారు. అవసరం లేదు, నేను చూసుకుంటానని సిద్దిరాములు రెండుసార్లూ ఆపించాడు. గాలి లేచిన రోజుల్లో అతని సైకిలు ఆ స్తంభం దగ్గరే కనిపించేది. తొర్రూరు లైను ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు అప్పుడప్పుడు తెగి, దానంతటదే వచ్చేది. తట్టు, తట్టు అన్న చప్పుడు వినగానే శ్యామలమ్మ పిల్ల ఎలా ఉందోనని కొత్తవాడకు మనిషిని పంపేది. పిల్లకు జ్వరం వచ్చిన రోజుల్లో లైను అసలే పలికేది కాదు.