కళ్ళకద్దుకున్న పళ్ళెం

మా నాన్న పురుగుమందును చేత్తో కలిపేవాడు. కర్ర పక్కనే ఉండేది, కానీ చెయ్యి పెడితేగాని మందు కలిసినట్టు ఆయనకు నమ్మకం కుదిరేది కాదు. కొడవలి గాట్లు ఆయన వేళ్ళ మీద ఎంతకీ మానేవి కావు. తొడుగులు వేసుకోమంటే, "ఇన్నేళ్ళ నుంచి కొడుతున్నానమ్మా, మందుకీ దెబ్బకీ ఏంటి సంబంధం?" అనేవాడు. మొండితనంలో నేను ఆయన కూతురినే. నిడదవోలు నుంచి రోజూ రైల్లో రాజమండ్రిలోని ప్రయోగశాలకు వెళ్ళి, ఆ సంబంధాన్నే పరిశోధనాంశంగా పెట్టుకున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట. పని చెప్పుకోవడానికి తేలికే. మూత ఉన్న చిన్న పళ్ళెంలో పోషక ద్రవం పోసి చర్మకణాలను పెంచాలి. అవి అడుగంతా పరుచుకున్నాక ప్లాస్టిక్ మొనతో మధ్యలో ఒక గీత గీయాలి. అదే గాయం. ఒక పళ్ళెంలో కణాలు చావనంత కొద్దిగా పురుగుమందు వేయాలి, ఇంకోదానిలో వేయకూడదు. రెండింటినీ వెచ్చటి పెట్టెలో ఉంచి, కొన్ని గంటలకోసారి తీసి మైక్రోస్కోపు కింద చూడాలి. కణాలు రెండు గట్ల నుంచీ పాకి వచ్చి గీతను పూడుస్తాయి. ఏది ఎంత పూడిందో కొలవాలి.

నేను కొలిచే లోపే పళ్ళేల్లో ద్రవం కుడితిలా మారిపోయేది. సూక్ష్మక్రిములు చేరాయన్నమాట. రెండుసార్లు అలాగే అయింది. "కణాలు ఇంకొక్క గొట్టమే ఉన్నాయమ్మా. ఇదీ చెడితే అంశం మార్చేద్దాం" అన్నారు నా పరిశోధనకు గైడుగా ఉన్న మేడమ్. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. చేతులు కడుక్కుని కడుక్కుని అరచేతులు తెల్లబడిపోయాయి.

మూడోసారి గీత గీసి, పళ్ళెం చేతిలోకి తీసుకున్నాను. గాజుసామాను కడిగే ఆయమ్మ గుమ్మంలోంచే ఆపింది.

"ఏంటండమ్మా ఆ పని?"

"ఏ పని?"

"తీసినప్పుడల్లా కళ్ళకద్దుకుంటున్నారు. పుస్తకమైతే అద్దుకోవచ్చండి. నీళ్ళున్న గిన్నెని అద్దుకుంటే తొణకదా?"

నిజంగా నాకు తెలియదు. చదువుకు సంబంధించినది ఏది ముట్టుకున్నా కళ్ళకద్దుకోవడం చిన్నప్పటి అలవాటు, చేతులు వాటంతటవే లేచేవి. పళ్ళెం వంగినప్పుడల్లా ద్రవం మూతకు తగిలి అంచు దాకా వచ్చేది, ఆ తడి వెంట క్రిములు లోపలికి నడిచేవి. సరస్వతీదేవికి దండం పెట్టి మరీ వాటిని పిలుచుకున్నానన్నమాట. ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. ఆ రోజు నుంచి దండం వెచ్చటి పెట్టె తలుపుకే పెట్టాను.

మర్నాటికి మందు లేని పళ్ళెంలో గీత పూడిపోయింది. ఆనందం పట్టలేక నాన్నకు ఫోన్ చేసి, దొరికిన మొదటి రైలుకే రమ్మన్నాను.

ఆయన వచ్చి, ఒక కన్ను మూసి మైక్రోస్కోపులోకి చూశాడు. మొదటిదాన్ని చూసి, "కలిసిపోయిందే" అన్నాడు. రెండోదాన్ని చాలాసేపు చూశాడు. గీత కాలవలా తెరుచుకునే ఉంది.

"ఇందులో ఏం వేశావు?"

"నువ్వు చేత్తో కలిపేదే నాన్నా. నీ బిందెలో ఉన్నదానికంటే చాలా పల్చగా."

ఆయన తన వేళ్ళు చూసుకున్నాడు. తర్వాత చాలా జాగ్రత్తగా, రెండు చేతులతో ఆ పళ్ళేన్ని ఎత్తి కళ్ళ దాకా తీసుకెళ్ళబోయాడు. నేనూ ఆయమ్మా ఒకేసారి ఆయన చెయ్యి పట్టుకున్నాం.

సాయంత్రం రైలెక్కే ముందు నాన్న స్టేషన్ దగ్గర దుకాణంలో రబ్బరు తొడుగులు కొన్నాడు. వాటిని కళ్ళకద్దుకుని సంచిలో వేసుకున్నాడు.