పెనం మీద ఆరిన చాక్‌పీసులు

మా చిన్నప్పుడు... మెదక్‌లో ఆ వానకాలం ఎనిమిది రోజులు ఎండ పొడ లేదు. ఇంట్లో పని మాత్రం ఆగలేదు. అమ్మ, పక్క గదిలో కిరాయికుండే షహనాజ్ ఆపా కలిసి చాక్‌పీసులు పోసేవాళ్ళు.

అచ్చులకు నూనె, కిరసనాయిలు కలిపి పూయడం నా పని. ఆపా తెల్లపొడిని నీళ్ళలో కలిపేది. జర ఆలస్యమైతే బకెట్లోనే గడ్డకట్టేది. గట్టిపడేటప్పుడు అచ్చు వెచ్చబడుతుంది... ఆపా నా చెయ్యి పట్టి దాని మీద పెట్టేది.

తలలో తెల్లపొడి చూసి బడిలో నన్ను ముసలమ్మ అనేవాళ్ళు. పక్కన ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు. బడి ముచ్చట్లన్నీ ఆపాకే చెప్పేదాన్ని.

"సుద్ద సముద్రంల అయితదంట ఆపా. సన్నసన్న గుల్లలు ఏండ్లకేండ్లు పేరుకుంటయంట. సారు చెప్పిండు."

"అది వేరే సుద్ద బేటీ. మనది జిప్సం రాయి. కాల్చి, పిండి చేసి, సంచిల పంపుతరు. మెదక్ సముద్రం మా బకెట్లనే ఉన్నదని చెప్పు మీ సారుకు."

ఆపా భర్త పోయాడు, పిల్లలు లేరు. వచ్చి తన ఇంట్లో ఉండమని రామాయంపేట నుంచి తమ్ముడు కబురు పెడుతున్నాడు. ఒక బడికి సోమవారం సరుకు ఇవ్వాలి. "ఆ సరుకు ఇయ్యకపోతే పని పోతది. పని లేనంక నేను ఈడ ఉండి ఏం చేస్త?" అని ఆపా అమ్మతో అనడం విన్నాను.

ఆదివారం ఇద్దరూ బజారుకు పోయారు. చాక్‌పీసులు ఇంకా తడిగానే ఉన్నాయి. నేను పొయ్యి మీద రొట్టెల పెనం పెట్టి, వాయికి కొన్ని చొప్పున అన్నీ కాల్చాను. తేలికగా, తెల్లగా అయ్యాయి. పొయ్యి సెగకు ఆరబెట్టానని చెప్పాను. పెనం సంగతి చెప్పలేదు.

బుధవారం డబ్బాలన్నీ తిరిగొచ్చాయి. బోర్డుకు ఆనించగానే రాలిపోతున్నాయట. ఇంక పంపొద్దన్నారు.

ఆపా ఒకటి తీసి వేళ్ళతో నలిపింది. "పెనం మీద పెట్టినవా?"

తల ఊపాను.

"నీళ్ళు పట్టిచ్చి రాయి చేస్తిమి. కాలిస్తే మల్ల పిండే అయితది."

అమ్మ చెయ్యి ఎత్తింది. ఆపా అడ్డమొచ్చింది. "కొట్టకు. జల్దీ కావాలని చేసింది."

ఎందుకు జల్దీ కావాలో ఆమె అడగలేదు... నేనూ చెప్పలేదు.

కొంచెం గట్టిగా ఉన్నవి ఏరి, బట్ట మీద గీతలకని దర్జీ పట్టుకపోయాడు. మిగిలిన పొడి తడిపి అమ్మ గోడ పగుళ్ళు పూడ్చింది.

ఇప్పుడు నా బిడ్డ బడిలో బోర్డు కరెంటుతో వెలుగుతుంది. సాయంత్రం ఎవరి తలలోనూ పొడి ఉండదు. మీ ఇండ్లల్ల ఎవరన్న చాక్‌పీసులు పోసేటోళ్ళుంటే కింద రాయుండ్రి... చదువుత.

షహనాజ్ ఆపా ఆ శుక్రవారం పొద్దున పదిన్నర బస్సుకు రామాయంపేట పోయింది. అప్పుడు నేను బడిలో ఉన్నాను.