సింహాచలం టీచరుగారు, నా మూడు ఆటలు

వేకువన నీళ్లు చల్లిన మైదానం మీద సున్నంతో గీత గీస్తుంటే ఒక వాసన లేస్తుంది. తడిసిన మట్టి, ఘాటైన సున్నం కలిసిన ఆ వాసనకి గొంతు సన్నగా గరగరలాడుతుంది. రాయ్‌పూర్ రైల్వే కాలనీ మైదానంలో, ఆఫీసుకు వెళ్లేముందు పిల్లలకు ఆటలు నేర్పే నాకు అది రోజూ ఉండేదే. కానీ మొన్న చలిగాలితో పాటు ఆ వాసన ముఖానికి తగిలేసరికి, చేతిలో సున్నపు డబ్బాతో అలాగే ఆగిపోయాను. వెనక నుంచి ఎవరో "గీత వంకర పోతోంది, పార్వతీ" అన్నట్టు అనిపించింది. ఆ మాట అనే మనిషి పోయి మూడేళ్లయింది. ఆమెను ఎరగనివాళ్లకు ఆమె గురించి చెప్పాలని అప్పటినుంచీ అనుకుంటున్నాను.

ఆమె పేరు సింహాచలం. మా బడిలో ఆటల టీచరు. విజయనగరం దగ్గర పుట్టి, రైల్వే గార్డును పెళ్లాడి ఈ ఊరు వచ్చారు. చీర కుచ్చిళ్లు పైకి దోపి, తెల్ల కాన్వాసు బూట్లు వేసుకుని, మెడలో నల్లపూసల పక్కనే నల్లదారానికి ఈల వేలాడదీసుకుని మైదానంలోకి దిగేవారు. ఈలను ఇక్కడ సీటీ అంటారు కాబట్టి ఊళ్లో హిందీవాళ్లందరికీ ఆమె 'సీటీ బహెన్‌జీ'. నడుస్తుంటే కుడికాలు కొంచెం ఈడ్చేవారు. పంతొమ్మిదివందల డెబ్బైలలో ఒక ఆడమనిషి అలా పరుగెత్తుతూ పిల్లల చేత పరుగెత్తిస్తుంటే, దారినపోయేవాళ్లు సైకిళ్లు దిగి కంచె దగ్గర నిలబడి చూసేవారు. ఆమె మాత్రం అటువైపు ఎప్పుడూ చూడలేదు.

నాకు పదేళ్లున్నప్పుడు ఆమె కంటపడ్డాను. మా నాన్న లోకోషెడ్డులో ఫిట్టరు. సెలవు రోజుల్లో మధ్యాహ్నం ఆయనకు అన్నం క్యారియరు తీసుకెళ్లే పని నాది. ఒకరోజు మైదానం అడ్డంగా పరుగెడుతుంటే ఈల మోగింది. ఆగాను.

"ఎక్కడికే ఆ పరుగు?"

"షెడ్డుకి టీచర్. నాన్నకి అన్నం చల్లారిపోతాది."

"మూత తియ్యి."

భయపడుతూ క్యారియరు విప్పాను. ఆమె వంగి చూశారు. పులుసు గిన్నె అంచు దాటలేదు. అన్నం మీద ఒక్క చుక్క పడలేదు. "ఇంత పరుగులోనూ చెయ్యి కుదురుగా ఉంచావన్నమాట" అని తనలో తాను అనుకున్నట్టు అని, "రేపటి నుంచి సాయంత్రం మైదానానికి రా. మీ అమ్మతో నేను మాట్లాడతాను" అన్నారు. అమ్మతో ఏం మాట్లాడారో తెలియదు కానీ, మర్నాడు అమ్మ నాకు రెండు జడలూ మడిచి గట్టిగా కట్టి పంపింది.

ఆ తర్వాతి రెండేళ్లూ నా ఒంటికి అలుపన్నది తెలియలేదు. ఖోఖో ఆడాను, పరుగుపందాలకు వెళ్లాను, హాకీ కర్ర పట్టుకున్నాను. 'నీది ఈ ఆట' అని ఆమె ఎప్పుడూ అనలేదు. ఒకదానిలో విసుగొస్తే ఇంకోదానిలోకి పంపేవారు. పరుగులో మాత్రం నన్ను చూసేటప్పుడు ఆమె కళ్లు వేరుగా ఉండేవి. గడియారం చేతిలో పట్టుకుని, గీత దగ్గరకు నేను చేరేలోపే పెదవులు కదుపుతూ లెక్కపెట్టేవారు. జిల్లా పోటీల్లో నేను మొదట వచ్చినప్పుడు నాకన్నా ముందు ఆమే ఎగిరారు, ఆ కాలితోనే.

చిక్కు నాకు పన్నెండేళ్లప్పుడు వచ్చింది. ఊళ్లో అమ్మాయిల హాకీ జట్టును తయారుచేసే ఠాకూర్ సాహెబ్ అనే శిక్షకుడు ఉండేవారు. పెద్ద మీసాలు, తక్కువ మాటలు. మా బడి మ్యాచి చూసి సరాసరి టీచరుగారి దగ్గరకు వచ్చారు. "బహెన్‌జీ, ఇస్కో సిర్ఫ్ హాకీ ఖేలనే దో" అన్నారు. ఈ పిల్లను హాకీ ఒక్కటే ఆడనివ్వండి, వచ్చే ఏడు రాష్ట్ర జట్టులో చోటు ఖాయం అని ఆయన మాట. మిగతావి మానకపోతే తన జట్టులోకి తీసుకోనన్నారు. ఆయన మంచి మనిషే. నా మేలు కోరే అన్నారు. ఆ కబురు షెడ్డు దాకా పోయింది. ఆటల కోటాలో రైల్వే ఉద్యోగం వస్తుందని నాన్నకు ఎవరో చెప్పారు. మా ఇంట్లో అప్పటిదాకా ఆడపిల్ల ఉద్యోగం అన్న మాటే లేదు. ఆ మాట పుట్టింది హాకీ వల్లే.

ఆదివారం పొద్దున టీచరుగారు మా ఇంటికి వచ్చారు. నాన్న మంచం మీద దుప్పటి సర్ది కూర్చోమన్నాడు.

"మాకేటి తెలస్తాది టీచరమ్మా. ఆ ఠాకూర్ సాబు పెద్దోడు. ఒక్క ఆట గట్టిగా పట్టుకుంటే పక్కా నౌకరీ అంటన్నాడు. మూడింట్లోనీ తిప్పితే ఏ ఒక్కటీ రాకుండా పోద్దేమోనని నా బెంగ."

ఆమె కూర్చున్నచోటే చీర కొద్దిగా పైకి లాగి కుడి మోకాలు చూపించారు. పక్కగా లోపలికి లాగేసినట్టు ఒక గుంట. "నేను పొడుగు దూకేదాన్ని, బాబూ. పదకొండో ఏటి నుంచి అదొక్కటే. ఏడాది పొడవునా ఇదే కాలు మీద ఎగిరి, ఇదే కాలు మీద పడ్డాను. పదిహేడో ఏట ఒకరోజు ఎగిరాను, పడ్డాక లేవలేదు. ఇంకో ఆట ఏదైనా వచ్చి ఉంటే అందులోకైనా పోయేదాన్ని. నాకు ఇంకేం రాదు." ఆ గుంట మీద వేలు పెట్టి, "పిల్ల ఇంకా ఎదుగుతోంది. ఒక్క ఏడాది నాకు వదిలేయండి" అన్నారు. నాన్న నా వైపు కాదు, ఆ మోకాలి వైపు చూసి తల ఊపాడు.

ఠాకూర్ సాహెబ్‌నీ ఆమే ఒప్పించారు. సణుగుతూనే ఒప్పుకున్నారాయన. ఆ ఏడు నేను మూడు ఆటలూ ఆడాను. ఇక్కడే ఆమె చేసిన పొరపాటు చెప్పాలి, ఎందుకంటే ఆమె దాన్ని ఎప్పుడూ దాచలేదు. తన మాట నెగ్గాలన్న పట్టుదల ఆమెలో ఉండేది, నాలోనూ ఉండేది. ఆ చలికాలం పోటీలన్నీ ఒక్కసారే వచ్చిపడ్డాయి. పొద్దున ఖోఖో, మధ్యాహ్నం పరుగు, సాయంత్రం హాకీ. ఎడమ మోకాలి కింద ముందువైపు ఎముక దగ్గర సన్నగా నొప్పి మొదలైంది. చెబితే ఠాకూర్ సాహెబ్ మాటే నిజమైపోతుందని నేను చెప్పలేదు. నెగ్గుతూ ఉన్నాను కాబట్టి ఆమె అడగలేదు. ఒక సాయంత్రం హాకీ ఆడుతూ, పక్కన ఎవరూ లేకుండానే, ఉత్తి నేల మీద కూలబడ్డాను. ఎముక సన్నగా చిట్లిందని ఆసుపత్రిలో పిండికట్టు వేశారు. రాష్ట్ర జట్టు ఎంపిక నా కాలికి కట్టు ఉండగానే జరిగిపోయింది.

కాలనీలో ఎవరి నోట విన్నా ఒకటే మాట. 'చెబితే విన్నారా?' అమ్మ ఏడ్చింది. నాన్న షెడ్డు నుంచి వచ్చి, చేతులకి గ్రీజు కూడా కడుక్కోకుండా గుమ్మంలో కూర్చున్నాడు. అప్పుడు వచ్చారు టీచరుగారు. చుట్టుపక్కలవాళ్లు వాకిళ్లలో నిలబడి చూస్తున్నారు. ఆమె లోపలికి రాలేదు. అందరికీ వినపడేలా అన్నారు.

"బాబూ, ఇందులో పిల్ల తప్పు లేదు. ఠాకూర్ గారి తప్పు లేదు. తప్పు నాది. ఎన్ని ఆటలు ఆడాలో చూశాను గానీ, ఎప్పుడు ఆపాలో చూడలేదు."

ఒక పెద్దమనిషి, అందులో టీచరు, మా ఇంటి ముందు నిలబడి అలా అనడం మా కాలనీలో ఎవరూ ఎరగరు. నాన్న గభాలున లేచి నిలబడ్డాడు. "లోనికి రండి టీచరమ్మా, టీ తాగుదురుగాని" అన్నాడు. ఆమె వచ్చి, నా పక్కన కూర్చుని, అంతవరకు నన్ను ఎవరూ అడగని ప్రశ్న అడిగారు.

"నీకేం కావాలే, పార్వతీ?"

పన్నెండేళ్లొచ్చాయి. నా గురించి ఠాకూర్ సాహెబ్ ఒకటి తేల్చారు, నాన్న ఒకటి తేల్చాడు, టీచరుగారు ఒకటి తేల్చారు. నన్ను అడగాలని ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు. "ఆలోచించుకుంటాను" అన్నాను. ఆమె నవ్వలేదు. "మంచిది. తొందరేం లేదు" అన్నారు. కట్టు ఉన్నన్నాళ్లూ సాయంత్రం నాన్న సైకిలు వెనక కూర్చోబెట్టుకుని మైదానానికి తీసుకెళ్లేవాడు. ఆమె నాకోసం కుర్చీ వేయించారు. ఆడకుండా చూడటం నాకు అదే మొదలు. చూస్తుంటే ఏ ఆట కోసం నా కాళ్లు కుర్చీ కింద కదులుతున్నాయో తెలిసింది.

కట్టు విప్పిన రోజున చెప్పాను. "హాకీ, ఖోఖో ఆడతాను టీచర్. పరుగు మానేస్తాను."

ఆమెకు ఇష్టమైనది ఆ పరుగే. నాకు బహుమతులు ఎక్కువగా వచ్చినది కూడా అందులోనే. "ఎందుకు?" అన్నారు మెల్లగా.

"పరుగులో ఒక్కదాన్నే ఉంటాను. నెగ్గినా ఒక్కదాన్నే."

ఆమె ఒక్క క్షణం ముఖం పక్కకు తిప్పుకున్నారు. తర్వాత "సరే" అన్నారు. అంతే. ఆ ఒక్క మాటలో ఆమె ఎంత మింగారో నాకు పెద్దయ్యాక గాని అర్థం కాలేదు. ఆ పూటే షరతులు పెట్టారు. ఒకరోజు ఒకటే ఆట. ఆదివారం ఏదీ లేదు. ఎక్కడ నొప్పి పుట్టినా అది నెగ్గే రోజైనా సరే చెప్పాలి. "నువ్వు చెప్పకపోయినా ఇకమీద నేను అడుగుతాను" అన్నారు. అడిగారు కూడా, రోజూ, విసుగొచ్చేంతగా.

మరుసటి ఏడు ఎంపికలో నేను బంతి తీసుకుని ముందుకు పోతుంటే ముగ్గురు అడ్డం వచ్చారు. ఖోఖోలో వరసగా కూర్చున్నవాళ్ల మధ్యనుంచి మెలికలు తిరుగుతూ తప్పించుకున్నట్టే ఆ ముగ్గురి మధ్యనుంచి జారిపోయాను. బంతి గోలులో పడింది. ఠాకూర్ సాహెబ్ మీసం దువ్వుకుంటూ టీచరుగారి దగ్గరకు వచ్చి, ఈ మలుపు ఎక్కడ నేర్చిందని హిందీలో అడిగారు. "ఆప్ జో ఛుడవా రహే థే, ఉసీ ఖేల్ సే" అన్నారామె. మీరు మాన్పించబోయిన ఆటలోనే అని. ఆయన పెద్దగా నవ్వి, చేతులు జోడించారు. ఆ సాయంత్రం జాబితాలో నా పేరు చదివినప్పుడు, షెడ్డు బట్టలతోనే వచ్చిన నాన్న పక్కనున్న ప్రతివాడి భుజం పట్టుకుని "మా గుంటే, మా గుంటే" అని, ఆ పిల్ల తన కూతురేనని చెప్పాడు. వాళ్లలో సగం మందికి తెలుగు రాదు. అయినా అందరికీ అర్థమైంది.

ఏడేళ్లు రాష్ట్రానికి ఆడాను. నాన్న కోరుకున్న ఉద్యోగమూ ఆటల కోటాలోనే వచ్చింది. టీచరుగారు పని విరమించాక ఊళ్లోనే తెలీబంధాలో కొడుకు దగ్గర ఉండేవారు. చివరిసారి వెళ్లినప్పుడు పక్కింటావిడ కూర్చుని ఉంది. నా గురించి టీచరుగారు ఆవిడకు ఏం చెబుతారోనని లోపల కొంచెం గర్వంగానే నిలబడ్డాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, "ఈ అమ్మాయి విషయంలో నేనొక తప్పు చేశాను. పిల్లలకు ఆట నేర్పే పని నాకు చేతనైంది ఆ తర్వాతే" అన్నారు. రాష్ట్ర జట్టు ఊసే ఎత్తలేదు. నాకు అంతకు మించిన పొగడ్త ఈ జన్మలో ఎవరూ ఇవ్వలేదు.

పోయిన ఏడాది ఆ మాట నాకు పనికొచ్చింది. ఊరి బయట సిల్తారాలో ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసే ఒకాయన కూతురు, తొమ్మిదేళ్ల పిల్ల, నా దగ్గర హాకీ ఆడుతూ ఈతకు కూడా వెళ్లేది. రెండూ చెడుతున్నాయని నేనే ఈత మాన్పించమని తండ్రికి చెప్పాను. వారం తిరక్కుండా పిల్ల హాకీకి కూడా రావడం మానేసింది. నాలుగు రోజులు నన్ను నేను సమర్థించుకున్నాను. ఐదో రోజు వాళ్ల ఇంటికి వెళ్లాను. తలుపు తీసిన తండ్రితో, "తప్పు నాదండీ. పిల్లను అడక్కుండా తేల్చేశాను" అన్నాను. ఇరవయ్యేళ్ల ఆటలో ఏ గోలు కొట్టడానికీ అంత కష్టపడలేదు. ఆ పిల్ల తండ్రి వెనక నుంచి తొంగి చూస్తోంది. నేల మీద కూర్చుని, దాని ఎత్తుకు వచ్చి, "నీకేం కావాలమ్మా?" అన్నాను.

అది బాగా ఆలోచించి చెప్పింది. "రెండూ కావాలి ఆంటీ. మంగళవారం మాత్రం దేనికీ రాను. ఆ రోజు అమ్మమ్మతో బజారుకెళ్లాలి."

"సరే" అన్నాను.