ఎర్ర తాడు కొలత

దయ్యాలే ఉంటే ముందు దర్జీ కొట్టుకే రావాలి. కుట్టడానికిచ్చి, తీసుకోకుండానే చనిపోయినవాళ్ల బట్టలు మా దగ్గరే ఉంటాయి. జెద్దాలో, బలద్ బజారులో పదిహేనేళ్లుగా కుడుతున్నాను. ఒక్కరూ రాలేదు. అందుకే నేను నమ్మేవాణ్ణి కాదు.

నాతో పాటే కుట్టే మా తమ్ముడు మస్తాన్ చెయ్యి విరిగినప్పుడు ఆసుపత్రిలో కన్నతల్లిలా చూసిన విదేశీ నర్సు ఒకరోజు మా కొట్టుకు వచ్చింది. వాళ్ల దేశంలో కొందరు చంద్రుణ్ణి, పాత దేవతల్ని మళ్లీ కొలుస్తున్నారట. ఆ పూజకు తెల్ల నూలు అంగీ కావాలంది. పాదాల దాకా పొడవు, వెడల్పు చేతులు, వెనక తల కప్పే టోపీ. జేబు ఉండకూడదు. జిప్పు, హుక్కు, ఇనుమన్నదే తగలకూడదు. ఇక్కడ మంత్రాల మాట బయటపడితే జైలే. అయినా మొహమాటం, కాదనలేకపోయాను.

టేపు వద్దని ఎర్ర తాడు ఇచ్చింది. తాడు పొడవు ఆమె ఎత్తు. నుదురు, ఛాతీ, నడుము చుట్టుకొలతలకు మూడు ముడులు. వాటిని విప్పొద్దని మరీ మరీ చెప్పింది.

ముడులేసి మంత్రాలు ఊదేవాళ్ల కీడు నుంచి కాపాడమని చిన్నప్పటి నుంచీ నమాజులో అల్లాను వేడుకుంటున్నవాణ్ణి. ఆమె అటు వెళ్లగానే భయమేసి మూడూ విప్పేశాను. విప్పాక గాని తెలియలేదు, కొలతలు పోయాయని. మస్తాన్‌ది ఆమె ఎత్తే. అంగీ ఎలాగూ వదులుదే కదా అని వాణ్ణి నిలబెట్టి, ఆ తాడుతోనే కొలిచి ముడులు వేసేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

అంగీ సరిపోయింది. తాడును మాత్రం ఆమె చాలాసేపు చూసి, ఇది నా కొలతేనా అని అడిగింది. అవునన్నాను. నెల తిరక్కుండా ఉద్యోగం వదిలేసి, ఫైనల్ ఎగ్జిట్ మీద వాళ్ల దేశానికి వెళ్లిపోయింది.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం మస్తాన్ మిషన్ ఆపాడు.

"న్నా, ఈ సొక్కా బిగిసిపోతాండాది. రవ్వంత లూజు చెయ్యిన్నా."

ఛాతీ దగ్గర, నడుము దగ్గర తాడు బిగించినట్టుందట. చొక్కాతో పనిలేని నుదుటి మీదా అంతేనట. కుట్ల లోపల అదనంగా వదిలిన బట్టలోంచి లూజు చేశాను. వారానికే మళ్లీ బిగిసిందన్నాడు. టేపు పెడితే వాడి ఛాతీ రెండంగుళాలు తగ్గింది. మనిషి చిక్కిపోతున్నాడు, చొక్కా బిగుస్తోంది. ఇద్దరు డాక్టర్లు చూశారు. స్కానింగులో ఏమీ లేదన్నారు.

సిగ్గు చంపుకుని నర్సుకు వాట్సాప్‌లో నిజం చెప్పాను. ఆ ముడులు విప్పెయ్యమని బతిమాలాను. రెండు రోజులకు జవాబొచ్చింది. కొలత ఎవరిదైతే ఆ తాడు వాళ్లనే పట్టి ఉంటుందట, అందుకే అనుమానంతో తను వాడనే లేదట. వాళ్ల గుంపులో ఒక ముసలామె చనిపోతే ఆ అంగీ తొడిగి, ఆ తాడు నడుముకు కట్టి పూడ్చిపెట్టారట. ఏ రోజని అడిగాను. మస్తాన్ మిషన్ ఆపిన రోజే.

కాకతాళీయమే కావచ్చు. ఎంత ఆలోచించినా నాకు అంతు చిక్కలేదు. వాడికి చెప్పే ధైర్యమూ లేదు.

నిన్న మళ్లీ అదే చొక్కా తెచ్చి, "ఈ ఒక్కసారికి న్నా" అన్నాడు. తిరగేసి చూశాను. విప్పడానికి లోపల ఇక బట్ట లేదు.