ఆరో లైనులో మగ్గం

లాటరీలో సుబ్బరత్నానికి ఆరో లైను వచ్చింది. మంగళగిరి అవతల ప్రభుత్వం ఇచ్చిన ఇళ్లస్థలాల కాలనీలో తొమ్మిది లైన్లు. చీటీలు తీసిన రోజున నేతవాళ్లూ, పేట నుంచి వచ్చిన క్రైస్తవ దళిత కుటుంబాలూ కలగాపులగంగా పడ్డారు. ఎవరి పక్కన ఎవరుండాలో చీటీకి తెలియదు గదా. గోడలు లేచేలోపే కాలనీ తనను తాను సర్దుకుంది. మూడో లైనులో పడ్డ పేటవాళ్లు ఆరుకి, ఆరులో పడ్డ నేతవాళ్లు మూడుకి, స్టాంపు కాగితాల మీద సంతకాలు పెట్టుకుని మారిపోయారు. పట్టాలు మాత్రం పాత పేర్ల మీదే ఉండిపోయాయి. ఇప్పటికీ పోస్టుమాన్ ఆరో లైనులో నిలబడి “మల్లీశ్వరి ఎవరండీ?” అని కేకేస్తే, నలుగురూ మూడో లైను వైపు చెయ్యి చూపిస్తారు.

నేతవాళ్లలో మారనిది సుబ్బరత్నం ఒక్కతే.

అందులో గొప్పతనం ఏమీ లేదు. ఆమెకి కావలసింది పొడి గుంట. గుంటమగ్గం మీద కూర్చున్నవాళ్ల కాళ్లు నేలలోకి దిగి ఉండాలి. మూడో లైను పల్లం, నల్లరేగడి. మోకాలి లోతు తవ్వితే సంక్రాంతి దాకా ఊట ఆగదు. పాత అద్దె ఇంట్లో ఇరవై ఏళ్లు చెమ్మ గుంటలో కాళ్లు పెట్టి నేసి, ఆమె మోకాళ్లు పాడుచేసుకుంది. ఆరో లైను మెరక. గుంట తవ్విన రోజున ఆమె అందులోకి దిగి, అడుగు మట్టిని పిడికిట్లో నలిపి చూసింది. పొడిపొడిగా రాలింది.

“నేనిక్కణ్ణించి కదలన్రా,” అంది కొడుకుతో. బెజవాడలో హోల్‌సేల్ బట్టల కొట్లో పనిచేసే భానుచందర్‌కి ఏ లైనైనా ఒకటే. పొద్దున బస్సు అందితే చాలు.

పక్కిల్లు అమలమ్మది. బెజవాడలో ఒక ఆసుపత్రిలో ఆయా. ఇళ్లు కట్టుకునేటప్పుడు ఒకరి ఇసుకకి ఒకరు కాపలా కాశారు. కూరలు ఇచ్చిపుచ్చుకోవడం లేదుగాని మాటకు లోటుండేది కాదు. రాత్రి డ్యూటీ చేసొచ్చి పగలు పడుకునే అమలమ్మ, “మీ మగ్గం చప్పుడుకి కాదండీ రత్నమ్మగారూ, అది ఆగితే మెలకువొచ్చేస్తంది నాకు,” అని నవ్వేది.

ఆ మాటలు ఆషాఢంలో ఆగిపోయాయి.

పడుగు సరిచెయ్యడం వీధిలో పని. చీరలో నిలువుగా సాగే పోగులన్నిటినీ వీధి పొడవునా బిగదీసి కట్టి, గంజి పట్టించి, అది ఆరిపోకముందే కుంచెతో దువ్వుతూ అతుక్కున్న పోగుల్ని విడదీయాలి. ముగ్గురు నలుగురు లేనిదే అయ్యే పని కాదు. ఒకరి పడుగుకి ఇంకొకరు రావడం నేతవాళ్ల వాడుక. మూడో లైను నుంచి సుబ్బరత్నానికీ వచ్చేవాళ్లు. ఆషాఢంలో ఒకరోజు ఈదురుగాలికి ఊతకర్ర ఒరిగి పడుగు మట్టిలో పడబోతుంటే, గుమ్మంలో ఉన్న అమలమ్మ పరుగెత్తుకొచ్చి చెయ్యి చాపింది.

“ముట్టుకోకు!”

అరిచింది సుబ్బరత్నమే. పడుగు మట్టిలో పడింది.

“గంజి... చేతులకి అంటుద్దని,” అంది తర్వాత. అమలమ్మ “అవునండీ” అంది. అంతే.

కార్తీకంలో ఉమామహేశ్ కాగితం పట్టుకొచ్చాడు. మూడో లైనుకి పెద్ద అతనే. షావుకారు దగ్గర నూలు తెచ్చి పంచేదీ, నేసిన చీరలు అప్పజెప్పేదీ అతనే.

“మా లైనులో పేటవాళ్ల ఇల్లు ఒక్కటే మిగిలింది పిన్నీ, ఆమోసుది. మారతానంటున్నాడు. నువ్వు సంతకం పెడితే ఎవరి మనుషుల్లో వాళ్లుంటాం.”

“ఆ నీళ్లూరే గుంటలో నువ్వు కూచుని నేస్తావా?”

“సిమెంటు చేయిద్దాం.”

“సిమెంటుకి చెమ్మ ఆగుద్దా? ఎవరికి చెప్తున్నావురా?”

ఉమామహేశ్ నవ్వి కాగితం జేబులో పెట్టుకున్నాడు. “సరే పిన్నీ. పడుగు వేసేటప్పుడు ఆలోచించుకుందువుగాని.”

మార్గశిరంలో ఆమె పడుగు సిద్ధమైంది. ముందురోజు అడిగితే ముగ్గురు వస్తామన్నారు. తెల్లారగానే భానుచందర్ గుంజలు పాతి, పడుగు బిగించి, బస్సుకి వెళ్లిపోయాడు. వాళ్లు వచ్చేలోపు కొంత పని తెములుతుందని సుబ్బరత్నం గంజి పట్టించడం మొదలుపెట్టింది. సగం పడుగు తడిసింది. ఎవరూ రాలేదు. ఫోను చేసింది.

“వస్తారు పిన్నీ,” అన్నాడు ఉమామహేశ్. “సంతకం పెడతానను, పది నిమిషాల్లో నలుగుర్ని పంపిస్తా.”

ఎండ వీధిలోకి దిగుతోంది. గంజి అలాగే ఆరితే పోగులు అట్టకడతాయి. ఆ పడుగు మగ్గం ఎక్కదు; ఇంకో పడుగు షావుకారు ఇవ్వడు. ఆమె ఈ పక్క దువ్వుతుంటే ఆ పక్క ఆరిపోతోంది. పెడతానన్న మాట నోటిదాకా వచ్చింది.

రాత్రి డ్యూటీ దిగి వచ్చిన అమలమ్మ కుళాయి దగ్గర టిఫిను డబ్బా కడుగుతోంది. పడుగు వంక చూసి, చూపు తిప్పుకుంది.

“అమలమ్మా, కాస్త ఇటు రావూ.”

అమలమ్మ డబ్బా బోర్లించింది. “చేతులు కడుక్కుని రమ్మంటారా, ఇట్టాగే రమ్మంటారా?”

సుబ్బరత్నం చేతిలో కుంచె ఆగింది. తప్పయిందనడం ఆమెకి చేతకాదు. చేతనైందేదో అదే చెప్పింది.

“తడి తుడుచుకుని రా. తడి చెయ్యి తగిలితే గంజి మళ్లీ జిగురవుద్ది.”

అమలమ్మ చెంగుతో ఒక్కొక్క వేలూ తుడుచుకుని, “క్రిస్టినా, నువ్వూ రా,” అని లోపలున్న కూతుర్ని పిలిచింది.

క్రిస్టినా కుంచె పట్టడానికి తడబడింది. అమలమ్మ తడబడలేదు. అతుక్కున్న పోగుల్ని గోరు తగలనీకుండా వేలి కొసతో విడదీస్తోంది.

“ఎక్కడ నేర్చావు?”

“నేర్చుకోలేదండీ, చూశా. మా నాయనమ్మ ముతక పంచెలు నేసేది. మా పేటలో ఇంటికో మగ్గం ఉండేదంట. కొనేవాళ్లు లేక పోయినయ్యి.” నాలుగడుగులు దువ్వాక మళ్లీ అంది, “ఆమె పడుగు ఎవరు ముట్టుకున్నా ఏమనేది కాదు.”

సుబ్బరత్నం ఆ పేట పక్కనే పుట్టి పెరిగింది. అక్కడ మగ్గాలుండేవని ఇన్నేళ్లలో ఆమెకి ఎవరూ చెప్పలేదు; ఆమె అడగనూ లేదు.

కాగితం పట్టుకుని వచ్చిన ఉమామహేశ్ పడుగు కొసన గుంజ దగ్గరే ఆగిపోయాడు.

“ఏంటి పిన్నీ ఇది? ఎవరు పట్టారో షావుకారికి తెలిస్తే?”

“చెప్పేవాడివి నువ్వేగా,” అంది సుబ్బరత్నం తలెత్తకుండా.

అతనేదో అనబోయాడు. అంతలో పక్కనున్న గుంజ కదిలి ముందుకు ఒరిగింది. పడుగు జారి నేలకి జానెడు ఎత్తుకి దిగింది. ఆడవాళ్లు ముగ్గురూ దూరంగా ఉన్నారు. ఉమామహేశ్‌వి ఎనిమిదో ఏటినుంచి పడుగులు పట్టిన చేతులు. కాగితం వదిలేసి రెండు చేతులా గుంజ పట్టుకుని వెనక్కి లాగాడు.

“ఇంకాస్త!” అరిచింది సుబ్బరత్నం. “ఆఁ, అట్టాగే ఉండు.”

ఉన్నాడు. వదిలితే పడుగు పోతుంది. అమలమ్మ దువ్వుకుంటూ అతనున్న కొసదాకా వచ్చింది. ఇద్దరికీ మధ్య మూరెడు పడుగు. చాలాసేపు బిగబట్టుకున్నాడుగాని, ఆఖరికి నేతవాడి నోరు ఊరుకోలేదు. “ఎడమ పక్క అతుక్కుంది, చూడు.”

“చూశానండీ,” అంది అమలమ్మ.

పడుగు చుట్టేసరికి అతని చేతులకి మోచేతులదాకా గంజి. దగ్గర్లో ఉన్నది అమలమ్మ కుళాయి ఒక్కటే. అటొకసారి చూసి, కిందపడ్డ కాగితం తీసుకుని, గంజి చేతులతోనే మూడో లైనుకి నడిచాడు.

సుబ్బరత్నం వెళ్లి ఆ కుళాయి కింద చేతులు పెట్టింది.

“మళ్లీ పడుగు ఎప్పుడండీ?” అంది అమలమ్మ.

“ఇరవై రోజులకి. షావుకారు ఇస్తే.”

“అప్పుడు నాకు పగలు డ్యూటీ. కావాలంటే ముందురోజే అడగండి, మార్చుకుంటా.”

“అడుగుతా,” అంది సుబ్బరత్నం.